చర్చి గుమ్మం పైనున్న రాతి స్త్రీని దింపవద్దని

షాంటిలీ,
14 అక్టోబరు 1986

కౌంటీ కట్టడాల విభాగం ఇన్‌స్పెక్టరు శ్రీ కృష్ణమూర్తి గారి సముఖమునకు, పాత రాతి చర్చిని ఆదివారాలు అద్దెకు వాడుకొను తెలుగు క్రైస్తవ సహవాసపు కార్యదర్శి బి. కృపావరం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సదరు చర్చి గుమ్మం పైనున్న రాతి స్త్రీని తొలగించమని నేనిచ్చిన అర్జీని, నేనే రద్దు చేయమని కోరుట గురించి.

1. సదరు చర్చిని గుర్రాల వ్యాపారి ఒకరు, ఐర్లండులో కూలిన పాత చర్చి రాళ్లు ఓడలో తెప్పించి కట్టించి, పోతూ పోతూ కౌంటీకి రాసిచ్చిన సంగతి తమకు తెలిసినదే. ఆ రాళ్లతో పాటు సదరు స్త్రీ కూడా వచ్చినది. బోడి తల, మిటకరించిన కళ్లు, బయటపడిన పక్కటెముకలు. గొంతుక్కూర్చుని, మోకాళ్లు ఎడం చేసి, రెండు చేతులతో... ఇక కలము సాగుట లేదు. తాము స్వయంగా తనిఖీ చేసియున్నారు.

2. నా మొదటి అర్జీ ఇంగ్లీషులో ఇచ్చితిని. బాపట్ల తాలూకా ఆఫీసులో పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా చేసిన అలవాటుతో ముందు తెలుగులో అనుకొని, ఉన్నదున్నట్లు ఇంగ్లీషు చేసితిని. "బట్టలు లేని స్త్రీ ఒకతె చాలాకాలంగా మా గుమ్మం మీద కూర్చుని ఉన్నది, ఎన్ని విన్నపాలు చేసినా దిగుట లేదు" అని వచ్చినది. ఆ కాగితం ఏ బల్ల మీదికి పోయినదో గాని, ఆరాధన మధ్యలో షెరిఫ్ ఆఫీసు పోలీసులు ఇద్దరు దుప్పటి పట్టుకొని వచ్చారు. దుప్పటి ఆవిడకు కప్పుటకట. అందుచేత ఈ అర్జీ తెలుగులో.

3. అటు తర్వాత నేనే నిచ్చెన ఎక్కి సదరు స్త్రీకి బాత్‌రూము పరదా కట్టితిని. దాని మీద పసుపుపచ్చ బాతులు ఉన్నవి. అంతవరకు తల ఎత్తని పిల్లలు కూడా ఆనాటి నుండి తల దించుట లేదు.

4. గుంటూరు మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు నర్సు చేసిన కరుణమ్మ గారు కమిటీ ఎదుట ఆ పరదా ఎత్తించి చూచి ఇట్లనిరి:

"ఏంది కృపావరం, దీనికా నువ్వు సిగ్గుపడేది? కాన్పు మనిషి ఇట్టాగే కూర్చుంటది. మా చిన్నప్పుడు ఆలంపురంలో చూశా, తల లేని అమ్మవారి రాయి, ఇదే కూర్చోటం. పిల్లల్లేనోళ్లు వెన్న రాసేవోళ్లు."

వెన్న పూయుట ఇక్కడ కూడా మొదలైనచో మనము క్రైస్తవులమని ఎట్లు చెప్పుకొనగలమని ఒక సభ్యుడు ప్రశ్న లేవదీసెను. కరుణమ్మ గారు ఆయన వంక చూచిరి. చర్చ అంతటితో ముగిసినట్లు మినిట్స్‌లో వ్రాసితిని.

5. నా కుమార్తె నవోమికి ఇప్పుడు ఏడవ నెల. ఇంతకు మునుపు రెండుసార్లు అయిదవ నెల దాటలేదు. మొదటిసారి కొన్న ఊయల గారేజీలో గోడకు తిప్పి పెట్టియున్నాము. నవోమి ఆదివారము అందరూ వెళ్లిన పిదప స్టూలు వేసుకొని ఆ రాతి మోకాలు ముట్టి వచ్చుచున్నదని నాకు గత నెలలో తెలిసినది. ఈ శుక్రవారం క్రేన్ వచ్చునని తమ ఆఫీసు నోటీసు చూపగా, ఆమె ఇట్లనినది:

"డాడీ, అది స్టోనే, నాకు తెలుసు. కానీ తను భయపడట్లేదు కదా. బేబీ వచ్చేదాకా తనని ఉండనివ్వు, ప్లీజ్."

అయ్యా, నాకు భయంగా ఉంది. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు.

6. అదియునుగాక, సదరు రాయి తీసినచో గోడ వదులై వాన లోపలికి వచ్చును. ఇది నిజమో కాదో నేనెరుగను. ఫైలులో ఒక కారణం ఉండవలెను గనుక వ్రాయుచున్నాను.

కావున శుక్రవారపు ఉత్తర్వును శాశ్వతంగా గాని, కనీసం కాన్పు అయ్యేవరకు గాని నిలుపుదల చేయించి, నా మొదటి అర్జీని తెలివితక్కువ కాగితముల క్రింద జమకట్టి, ఈ తండ్రి మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బి. కృపావరం

తా.క. కృష్ణమూర్తి గారూ, నిన్న పరదా విప్పడానికి నేనే ఎక్కాను. ఆవిడ ఒళ్లంతా గరుకు, ఎడమ మోకాలు ఒక్కటే నున్నగా ఉంది. ఎన్ని వందల ఏళ్లుగా ఎంతమంది ఆడవాళ్లు ముట్టుకుంటే అంత నునుపు తేలిందో. నేనూ దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉన్నాను. ప్రార్థన ప్రభువుకే చేశాను, చెయ్యి మాత్రం అక్కడ ఉంది. మా పాస్టరు గారికి చెప్పకండి.

నిచ్చెన దించలేదు. శుక్రవారం క్రేన్ వస్తే ఆ గుమ్మం మీద నిజంగానే ఒక మనిషి కూర్చుని ఉంటాడు, ఎంత చెప్పినా దిగడు. షెరిఫ్ ఆఫీసుకి తమరే ముందుగా మంచి ఇంగ్లీషులో తెలియజేయగలరు. దుప్పటి అక్కర్లేదు, బట్టలు వేసుకునే ఉంటాను.