నీడ పడకూడదన్న యంత్రం పక్కన కూర్చున్నవాడి మొర

మెదక్ పట్టణము.
శ్రీయుత అతినీలలోహిత కిరణాల పర్యవేక్షణ విభాగపు అధికారి గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: ఎండ నుంచి కాపాడుటకు పెట్టిన బోర్డు వల్ల నాకు ఎండ ఎక్కువైన సంగతి గురించి.

నేను, ఎల్లం, బస్టాండు గోడ పక్కన గొడుగులు, బ్యాగుల జిప్పులు బాగుచేసి బతుకుతున్నవాడను. నా మొహం మీద, రెండు చేతుల మీద బొల్లి మచ్చలు కలవు. మచ్చల మీద ఎండ తగిలిన యెడల చర్మం కమిలి పొక్కులు లేచును. నీడ దాటి రావద్దని దవాఖాన డాక్టరమ్మ ఎలిశిబా గారు మరీ మరీ చెప్పియున్నారు.

1. ఎండలోని కిరణాలు కొలిచి ప్రజలను హెచ్చరించుటకై తమరు ఈ వేసవిలో నా పక్కనే ఛాతీ ఎత్తు స్తంభం పాతించి, దాని మీద గాజు కప్పున్న యంత్రం, గోడకు రంగులు మారే బోర్డు పెట్టించినారు. యంత్రం మీద నీడ పడరాదట. కావున వేపచెట్టు కొమ్మలు కొట్టించి, నా టార్పాలిన్ విప్పించినారు. ఆ పని ముగిసిన వెంటనే బోర్డు ఊదారంగులో వెలిగి "అత్యంత ప్రమాదం, నీడలో ఉండండి" అన్నది. నేను చదివి, నీడ కోసం చుట్టూ చూసినాను.

2. బోర్డు ప్రజలకు బాగా ఉపయోగపడుతున్నదని తమరు పైకి రాసినారట. నిజమే. "ఊదారంగు వచ్చిందా కాకా?" అని మా వాడ ఆడవాళ్ళు నాకు ఫోన్లు చేస్తున్నారు. ఊదారంగు వస్తే వడియాలు పెట్టుకునే రోజని వాళ్ళు ఖాయం చేసుకున్నారు. పచ్చరంగు ఉంటే "ఇయ్యాల దండుగ" అని పిండి మూతపెడుతున్నారు.

3. పక్కకు జరగమన్నారు. పక్కన బట్టల దుకాణం రేకుల నీడ ఉన్నది. యజమాని మదన్ మోహన్ గారు టీ తాగించి మరీ చెప్పినారు: "ఏమనుకోకు ఎల్లం. నీ చేతులు చూసి గిరాకి లోపలికొస్తలేదు. అంటుతదేమోనని భయపడుతుండ్రు." అంటదని చెప్పినాను. "నాకు తెల్సు, వాళ్ళకు తెల్వదు గదా" అన్నారు. ఇన్నేళ్ళూ నన్ను ఏమీ అడగకుండా కూర్చోనిచ్చింది ఆ వేపచెట్టొక్కటే. అది మళ్ళీ గుబురు కావాలంటే రెండు మూడేళ్ళు పట్టును.

4. తమ కార్యాలయంలో ఇదివరకే మొరపెట్టుకోగా గుమాస్తా గారు "ఎండకు కాలుడు తెల్లోళ్ళ రోగం, మనకేం గాదు" అని సెలవిచ్చినారు. నా చేతులు ఎవరి లెక్కలోకి వస్తాయో తమరే తేల్చవలెను.

5. యంత్రం తుడిచే బిక్షపతి నా పొక్కులు చూసి "టార్పాలిన్ కట్టుకో కాకా, ఎవడు చూస్తడు" అన్నాడు. పోయిన సోమవారం కట్టుకున్నాను. హాయిగా కూర్చున్నానో లేదో, దాని నీడ యంత్రం మీద పడి, బోర్డు పచ్చబడి "ఎండ స్వల్పం, బయట ఆడుకోవచ్చు" అన్నది. ఎదుటి బడి రెబెకా టీచరమ్మ ఈ బోర్డు చూసే పిల్లలను మైదానంలోకి వదులుతారు. మిట్టమధ్యాహ్నం గేటు తీసినారు. పిల్లలు ఉత్త తలలతో ఉరికినారు. టార్పాలిన్ గుంజి పారేసి "టీచరమ్మా, లోపలికి తోలుండ్రి! బోర్డు అబద్ధం చెప్తున్నది!" అని మొత్తుకున్నాను. మళ్ళీ కట్టలేదు. కట్టబోను.

కావున బోర్డు తీసేయమని నేను అడగను. యంత్రాన్ని మాత్రం తమ కార్యాలయం డాబా మీదికి మార్పించి, నా టార్పాలిన్ నన్ను కట్టుకోనియ్యవలెను. డాబా మీద కూర్చుని జిప్పులు కుట్టేవాడు ఎవడూ ఉండడు.

తమకు వీలున్నప్పుడు, నీడపట్టున కూర్చుని చిత్తగించవలెను.

ఎండలో ఉన్న
తమ విధేయుడు,
ఎల్లం

తాజాకలం: సారూ, నేను ఎల్లం పెండ్లాన్ని, ఆగమ్మను. ఆయన వేళ్ళకు పొక్కులు లేసి పెన్ను పట్టరాలే. చెప్తుంటే గిదంత నేనే రాసిన. విధేయుడు అని పెట్టమంటే పెట్టిన. ఆయన విధేయుడే, నేను గాదు. వచ్చే సోమవారం దాంక చూస్త. గప్పటికి మిషిన్ జరగకుంటే ఆయనను, ఆయన సామాన్ను తీస్కచ్చి మీ ఆఫీసుల మీ కుర్సీ పక్కన కూసోబెడత. గక్కడికెల్లి ఎవలు లేపుతరో నేను గూడ సూస్త.