మౌస్ కింద నలుపు

13 జూలై 1998, సోమవారం

ఛీ! ఈ మౌస్‌తో నా ప్రాణం విసిగిపోయింది. కుడికి లాగితే బాణం కదలదు, ఇంకోసారి లాగితే అవతలి మూలకు దూకుతుంది. చాలదన్నట్టు మధ్యమధ్యలో స్క్రీన్ మొత్తం పది సెకన్లు బిగుసుకుపోతుంది. దాజీ పేట్‌లో మొదటి కంప్యూటర్ క్లాసు మాదేనని బయట ఇంతలేసి అక్షరాలతో బోర్డు. లోపల ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్, దానికి ఈ రోగం.

27న నా స్టూడెంట్లకు పరీక్ష. పుణె నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఫస్ట్ వచ్చినవాళ్లకు ఒక సొసైటీ ఆఫీసులో ఆపరేటర్ పోస్టు ఇస్తామన్నారు. అది చంద్రభాగకే వస్తుందని క్లాసులో అందరికీ తెలుసు. స్క్రీన్ బిగుసుకున్నా ఆ పిల్ల విసుక్కోదు, వేళ్లు గాల్లో ఆపి ఓపిగ్గా చూస్తుంది.

సాయంత్రం మౌస్‌ని బోర్లించి, కింది మూత తిప్పి, రబ్బరు గోలీ బయటికి తీశాను. లోపలి చిన్న రోలర్ల చుట్టూ నల్లటి జిగట. గుండుసూదితో గీకితే చెవిలో గుబిలిలా ఊడి వచ్చింది. థూ. మా ఓనర్ దత్తాత్రి దాన్ని వేలి మీద పెట్టుకుని వాసన చూశాడు. వాసన! తంబాకే ఇది, బీడీలు చేసే పోరీల చేతుల పొగాకే, అని తేల్చేశాడు.

14 జూలై, పొద్దున 8

బీడీలు చేసే పిల్లలకు ఇవాళ్టి నుంచి క్లాసు బంద్. దత్తాత్రి నన్ను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతులు వాసన చూసి లోపలికి పంపమన్నాడు. చూశాను. ముగ్గురు పట్టుబడ్డారు. పట్టుబడ్డారని రాస్తున్నాను, వాళ్లేదో దొంగతనం చేసినట్టు. మూడో చెయ్యి చంద్రభాగది. టీచర్, సబ్బు తోని రుద్ది రుద్ది కడుక్కొని వచ్చిన, ఇంకా వస్తున్నదా, అని అడిగింది. వస్తోందన్నాను. నా ముక్కు అబద్ధం చెప్పలేదు. అదే రోత.

మా అమ్మ సీతాబాయి రోజుకు వెయ్యి బీడీలు కార్ఖానాకు అప్పజెప్పాలి. అందులో మూడు వందలు నేను చుట్టినవే. చుట్టి, నిమ్మ తొక్కతో గోళ్ల సందులు తోముకుని, అప్పుడు క్లాసుకు వస్తాను. నా చేతులు ఎవరూ వాసన చూడలేదు. టీచర్ చేతులాయె!

14 జూలై, సాయంత్రం

ఇవాళ గోళ్ల సందులు రెండుసార్లు తోముకున్నాను.

17 జూలై

ఆ ముగ్గురూ పోయి మూడు రోజులైంది. మౌస్ మళ్లీ ఈడుస్తోంది. హ్యాంగ్ కావడమూ మానలేదు. మరి తంబాకు ఎక్కడి నుంచి వస్తోందట? అడుగుదామనుకున్నాను. అడగలేదు.

మా గోడకు అవతల దత్తాత్రి పవర్‌లూమ్ షెడ్డే ఉంది. పన్నెండు సాంచాలు టవళ్లు నేస్తుంటాయి. వాటిని రిపేరు చేసే జాబర్ పెంటప్పని దత్తాత్రి పిలిపించాడు. నేను మంచినీళ్లు తాగి వచ్చేలోగా ఆయన గోలీ మీద నాలుగు చుక్కలు సాంచా నూనె పోసేశాడు! జామయిందంటె ఆయిల్ అడుగుతున్నట్టె బిడ్డా, సాంచైనా గింతే, గీ మౌసైనా గింతే, అన్నాడు. ఇప్పుడు మౌస్ టేబుల్ మీద నున్నగా జారుతోంది, బాణం మాత్రం ఇంచు కదలదు. రెండు గంటలు స్పిరిట్ గుడ్డతో తుడిచాను. పాపం, ఆయన మంచి మనసుతోనే పోశాడు.

18 జూలై

ఇవాళ గడియారం ముందు పెట్టుకుని రాసుకున్నాను.

9.10, హ్యాంగ్, ఎనిమిది సెకన్లు. 9.25, పది సెకన్లు. 9.50, మళ్లీ. 11.15, పదిహేను సెకన్లు, ఒక పిల్ల ఏడ్చింది.

బిగుసుకున్నప్పుడల్లా కీబోర్డు కూడా నొక్కి చూశాను. అదీ పలకదు. డబ్బా ముందున్న ఎర్ర లైటు మాత్రం ఆరకుండా వెలుగుతుంది. అంటే లోపల హార్డ్ డిస్క్ ఏదో చదవలేక తన్నుకుంటోంది. తప్పు మౌస్‌దే అయితే కీబోర్డుకు ఏమొచ్చింది? రోగం ఒకటి కాదు, రెండు. ఫ్లాపీ పెట్టి వెతికాను, వైరస్ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. ఎందుకో అర్థం కాలేదు.

20 జూలై

నూలు రాలేదని ఇవాళ సాంచాలు బంద్. క్లాసులో మౌస్ క్లిక్ కూడా వినిపిస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క హ్యాంగ్ లేదు. ఒక్కటంటే ఒక్కటి! ఒంటిగంట నుంచి రెండు దాకా అవతల వాళ్లు అన్నానికి సాంచాలు ఆపుతారు కదా. ఇన్ని రోజులు ఈ చెవులు ఏం చేస్తున్నాయో.

21 జూలై

సాంచాలు మొదలుకాగానే పెంటప్పని పిలిచాను. టేబుల్ గోడకు ఆనించి ఉంది. ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టాడు, తర్వాత డబ్బా మీద పెట్టాడు. లోపల ఏముంటదని అడిగితే తిరిగే డిస్క్ అని చెప్పాను. పన్నెండు సాంచలు గుద్దుతుంటె గా డిస్క్ కుదురుగ ఎట్ల తిరుగుతది బిడ్డా, అన్నాడు. ఇద్దరం కలిసి టేబుల్‌ని గదికి అవతలి వైపు జరిపాం, కాళ్ల కింద పాత టవళ్లు మడతపెట్టాం. హ్యాంగ్ పోయింది.

తర్వాత మౌస్ విప్పాను. ఆ ముగ్గురూ పోయాక పట్టిన నలుపు. చూస్తే అదే రంగు, అదే జిగట. తెల్లకాగితం మీద సూదితో విడదీశాను. దూది పీచు. గోడ పైనున్న వెంటిలేటర్ లోంచి రోజంతా రాలుతూనే ఉంటుంది. ఇది మా షెడ్డుదే, చమురు కలిసి నల్లగైంది, అని పెంటప్ప ఒప్పుకున్నాడు. ఒట్టు, తంబాకు రవ్వంత లేదు.

22 జూలై

కాగితం దత్తాత్రి ముందు పెట్టాను. శాబాస్ టీచర్ అన్నాడు. గంటలో వెంటిలేటర్‌కు అట్ట కొట్టించాడు. మరి ఆ ముగ్గురినీ రమ్మందునా అని అడిగాను. నక్కో, వద్దు టీచర్, ఎల్లగొట్టినోళ్లను మల్ల పిలిస్తె నా ఇజ్జత్ ఏం కావాలె, వాళ్లు లేకుంటె దుకాణాలోళ్ల పిల్లలు ఖుష్‌గున్నరు, ఉండనియ్యి, అన్నాడు.

తప్పు గోడదని తేలింది, శిక్ష మాత్రం పిల్లలకు. థూ, వీడి ఇజ్జత్ మీద మన్ను పొయ్య! అయితే ఈ మాట వాడి మొహాన అన్నానా? లేదు. సరే సార్ అన్నాను. వాడిని చూస్తే కంపరం, నన్ను చూసుకుంటే అంతకు రెండింతలు.

25 జూలై, సాయంత్రం

నీలం నగర్‌లో చంద్రభాగ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు. నిలబడే చెప్పాను. ఆ నలుపు మీది కాదు, సాంచాలది. పరీక్ష లిస్టులో నీ పేరు నేను కొట్టెయ్యలేదు. సోమవారం రా.

చాట కింద పెట్టింది. టీచర్, మీ చెయ్యి ఇయ్యుండ్రి, అంది. ఇచ్చాను. ముక్కు దగ్గరికి తీసుకుంది.

నిమ్మకాయ తోని పోదు టీచర్, అంది. నాకు మొదటిదినం నుంచే ఎరుక, అని కూడా అంది.

మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడగబోయాను. తనే అంది, చెప్తె మిమ్మల్ని గూడ ఎల్లగొడ్తుండె, మీరన్న లోపట ఉంటరనుకున్న, అని.

సోమవారం వస్తావా అంటే, దర్వాజల నిలబడి మల్ల నా చెయ్యి చూపియ్య, అని చాట ఒళ్లోకి లాక్కుంది. వస్తాననలేదు, రాననలేదు. ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

27 జూలై, పొద్దున 9

చంద్రభాగ వచ్చింది. దత్తాత్రి గుమ్మానికి అడ్డం నిలబడి చెయ్యి చూపించమన్నాడు. లోపల్నుంచి ఎగ్జామినర్ చూస్తున్నాడు. చంద్రభాగ చెయ్యి ఎత్తలేదు. నేను నా రెండు చేతులూ దత్తాత్రి ముక్కు కిందికి చాపాను. పొద్దున మూడు వందలు చుట్టి కడగని చేతులు. వాడు మొహం తిప్పుకుని పక్కకు జరిగాడు. ఆ సందులోంచి చంద్రభాగ లోపలికి వెళ్లి మౌస్ పట్టుకుంది.