నువ్వు దాచుకున్న ఆరు రోజులు

నాన్నా,

"పదిహేనేళ్ళకే బడి ఎగ్గొట్టినవాడివి, నాకు లెక్కలు నేర్పుతావురా?" అని నిన్న ఫోను పెట్టేశావు. నేర్పుతాను. అందుకే కాయితం మీద రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు. చింపెయ్యొచ్చు, నీ ఇష్టం. చింపితే చివరిదాకా చదివి చింపు.

నేనేమడిగాను నిన్ను? పెదనాన్న పోయి నెలవుతోంది, వచ్చే శుక్రవారం సాయంత్రం చర్చిలో నెల మాసికం పూజ, ఫాదర్ ఆయన పేరు చదువుతాడు, ముందు వరసలో సొంత తమ్ముడివి నువ్వుండాలి అన్నాను. దానికి నువ్వేమన్నావు? "నా దగ్గర ఆరు రోజులే మిగిలాయిరా. అవి క్రిస్మస్‌కి." మిగిలిన రొట్టెముక్క గురించి చెప్పినట్టు చెప్పావు. వెనకాల అమ్మ "మాలకీ, వాడితో అలాగా మాట్లాడేది?" అంటూనే ఉంది. ఆవిడ మాట పూర్తికాకుండానే పెట్టేశావు.

నీ రోజుల గొడవ నాకు అర్థం కాలేదనుకుంటున్నావు. అయింది. పోయినేడాది జూలైలో మీరు ఇక్కడ ఐర్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చి పోర్చుగల్ వెళ్ళారు. పింఛను మీద పన్ను అక్కడ కట్టుకుంటే మేలని, అక్కడి నివాసివి కావాలంటే ఇక్కడి నివాసివి కాకూడదని మీకెవరో చెప్పారు. రెండేళ్ళూ కలిపి ఇక్కడ రెండొందల ఎనభై రోజులు తగలకూడదు. పోయినేడాది నూట తొంభై అయిదు అయిపోయాయి కాబట్టి ఈ ఏడాదికి ఎనభై నాలుగే. ఇంతే కదా? ఇది అర్థం కావడానికి కాలేజీ అక్కర్లేదు.

మార్చిలో నేను మీ ఊరు తవీరా వచ్చినప్పుడు ఆ ఐరిష్ బారులో కూర్చోబెట్టావు, గుర్తుందా? ముసలాళ్ళంతా బీరు ముందు పెట్టుకుని "నీకెన్ని మిగిలాయి?" "నలభై. నీకు?" అని ఒకటే లెక్కలు. ఒకావిడ, ఇక్కడి ఆఫలీ జిల్లా ఆవిడ, "మా అక్క డిసెంబర్లో పోయింది, పాపం. జనవరిలో పోయుంటే నా దగ్గర బోలెడన్ని రోజులుండేవి" అంది. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలూపారు. నువ్వూ ఊపావు.

ఇక అంత్యక్రియల రోజు సంగతి. నువ్వు మాట్లాడనివ్వలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొద్దున డబ్లిన్‌లో దిగి, అద్దె కారులో మన మేయోకి వచ్చి, పూజ మొదలయ్యాక చర్చిలోకి వచ్చావు. సరే, వచ్చావు. శవపెట్టె ఎత్తేటప్పుడు ముందు ఎడమ భుజం నీది. నీ వెనక నేను. స్మశానం గేటు దగ్గర నువ్వు గడియారం చూడ్డం నేను చూశాను. పెట్టె ఇంకా భుజం మీదే ఉంది నాన్నా. గుంట దగ్గర అందరం జపమాల చెబుతుంటే నా చెయ్యి పట్టుకుని చెవిలో "అర్ధరాత్రి లోపల దేశం దాటాలిరా, అప్పుడు ఈ రోజు లెక్కలోకి రాదు" అని వెళ్ళిపోయావు. గులకరాళ్ళ మీద కారు వెనక్కి తిప్పిన చప్పుడు అందరికీ వినబడింది. ఫాదర్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

తరవాత హోటల్లో భోజనాల దగ్గర డెలియా ఆంటీ "మీ నాన్నకి ఒంట్లో బాలేదా బాబూ?" అంది. కడుపునొప్పి అన్నాను. పక్కనే ఉన్న మార్టీ, నాతో గోడల పనికొచ్చేవాడు, "కడుపునొప్పి కాదులే, పార్కింగ్ చీటీ టైము అయిపోయుంటుంది" అన్నాడు. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నువ్వు నవ్వులపాలవుతుంటే నేను సూపు తాగుతూ నవ్వాను. అందుకు నిన్ను క్షమించలేకపోతున్నాను.

ఇంకొకటుంది. ఎవరికీ చెప్పలేదు. పెదనాన్న ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వారం నీకు ఫోను చేశాను. "మొన్ననేగా వచ్చి వెళ్ళాను, ఈ నెలకి పెట్టుకున్న రోజులు అయిపోయాయిరా" అన్నావు. లోపలికి వెళితే ఆయన "మాలకీ బయల్దేరాడా?" అన్నాడు. నేను "దారిలో ఉన్నాడు పెదనాన్నా" అన్నాను. రెండు రోజులు తలుపు చప్పుడైతే చాలు, అటు చూసేవాడు. నర్సును చూసి, భోజనం తెచ్చినామెను చూసి, మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. మూడో రోజు "వాడికి దారి బాగా పొడుగైందిరా" అన్నాడు. కోపంగా కాదు. నన్ను చూసి కాస్త నవ్వాడు కూడా. నా అబద్ధం ఆయనకి మొదటిరోజే తెలుసు. మర్నాడు పోయాడు. ఎక్కడా మూడు నెలలు నిలవకుండా కాలుగాలిన పిల్లిలా తిరిగే నన్ను పట్టుకొచ్చి, రాతి గోడలు కట్టడం నేర్పిన మనిషికి నేను చివరగా చెప్పింది అబద్ధం. అది నీ తరఫున చెప్పాను.

అందుకే నిన్న నీ ఫోను తరవాత ఊరుకోలేకపోయాను. మధ్యాహ్నం పని మానేసి కాసిల్‌బార్ వెళ్ళి పన్నుల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలున్నామె మనూరి మనిషిలాగే ఉంది. "మా నాన్న పగలంతా ఉండి రాత్రి ముందే వెళ్ళిపోయాడండీ, అది రోజు కాదు కదా?" అన్నాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది. "పగలున్నాడా?" "ఉన్నాడండీ." "పది నిమిషాలున్నా రోజే నాయనా. అర్ధరాత్రికి ఎక్కడున్నారని చూసే లెక్క ఎత్తేసి పదిహేనేళ్ళు దాటింది. నీకెవరు చెప్పారిది?" ఆ బారులో మీ అందరికీ ఫీజు తీసుకుని సలహాలు చెప్పే మహానుభావుడు చెప్పాడని అనలేదు. సిగ్గేసింది. ఆమె నియమాల కాయితం ఒకటి ఇచ్చింది. ఈ కవర్లోనే పెడుతున్నాను. రెండో పేరా చదువు.

వ్యాన్‌లో కూర్చుని లెక్కవేశాను. దిగిన ప్రతిసారీ నువ్వు "దిగాను" అని మెసేజి పెడతావు కదా, అవన్నీ నా ఫోనులో ఉన్నాయి. జనవరి నుంచీ పందొమ్మిది. నువ్వు లెక్కపెట్టుకున్నవి రాత్రులు, డెబ్భై ఎనిమిది. ప్రతిసారీ నువ్వు ఇక్కణ్ణుంచి తిరిగి బయల్దేరిన రోజు కూడా రోజే. పందొమ్మిది కలుపు. తొంభై ఏడు. ఎనభై నాలుగు ఎప్పుడో దాటిపోయావు. ఆసుపత్రికి రాలేనన్న రోజుకే దాటేశావు. స్మశానంలోంచి పరిగెత్తిన రోజుకే దాటేశావు. నువ్వు దాచుకున్న ఆరు రోజులు అసలు లేనే లేవు. ఈ ఏడాదికి నువ్వు ఇక్కడివాడివే. పోర్చుగల్ వాళ్ళు మావాడంటారు, వీళ్ళూ మావాడంటారు, ఆ తగువు వాళ్ళూ వాళ్ళూ తీర్చుకుంటారు.

మొదట సంతోషమేసింది, అబద్ధమెందుకు. చదువుకున్నవాడు తప్పాడు, బడి మానేసినవాడు పట్టుకున్నాడు అనుకున్నాను. తరవాత ఆ పందొమ్మిది మెసేజిల్ని మళ్ళీ చూశాను. పందొమ్మిదిసార్లు, మోకాలి నొప్పి పెట్టుకుని. ఆ బారులో వాళ్ళెవరూ అన్నిసార్లు రారు. అలా వచ్చినవాడివి ఆ ఒక్క వారం ఎందుకు రాలేదు నాన్నా? ఆయన చావు చూడలేకపోయావా? నిజంగా రోజులేనా? నాకు తెలీదు. నీకైనా తెలుసో లేదో.

ఇప్పుడు తెలుస్తుంది. డిసెంబరు ఆఖరుదాకా నువ్వు ఎన్ని రోజులున్నా ఈ ఏడాదికి ఒకటే. అడ్డుపెట్టుకోడానికి నీ దగ్గర లెక్క లేదు. శుక్రవారం ఏడున్నరకి పూజ. వస్తే నీ పక్కన కూర్చుంటాను, ఒక్క మాటా అనను. రాకపోతే ఇన్నాళ్ళూ రోజులు కారణం కాదని నాకు తెలిసిపోతుంది, ఇక ఎప్పుడూ రమ్మని...

మార్టీ వ్యాన్ హారన్ కొడుతున్నాడు. పోవాలి.

డారా