ఎడమ పాదం కింద ఎత్తు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీళ్ళ మీద నిలబడి తెడ్డేసుకుంట పోయే బోర్డు ఒకటి చేయించుకున్న. నవ్వకు.

దుకాణాల దొరికేటివన్నీ రెండు కాళ్ళు సమానంగ ఉన్నోళ్ళకే. అందుకే తొర్రూరుల ఫైబర్ పడవలు చేసే మిస్త్రీ దగ్గరికి పోయిన. నా ఎత్తు, బరువు రాసుకున్నడు. నా నడక చూసి, "కూసొని నడిపేటిది చేస్త అక్కా, పడకుంట ఉంటవ్" అన్నడు. మంచోడే, కానీ నాకు మండింది.

ఎడమ చెప్పు ఇడిసి ఆయన బల్ల మీద పెట్టిన. ఆఖరుసారి నువ్వు అడుగున టైరు ముక్క కోసి మొలలు కొట్టిచ్చిన చెప్పు. "గీ టైరు ఎంత మందమున్నదో, బోర్డు మీద ఎడమ పాదం కింద గంత ఎత్తు లేపు" అన్న. స్కేలు పెట్టి కొలిసిండు. నా ఎత్తు, బరువు కింద ఆ లెక్క గూడ రాసుకున్నడు.

చిన్నప్పుడు బడిల డ్రిల్లు చేసేటప్పుడు సారు నన్ను పక్కకు కూసోబెట్టిండు. తెల్లారి నువ్వు గిసొంటి చెప్పే తొడిగి నన్ను తోలుకపోయి అన్న మాట యాదికున్నది. "నా బిడ్డ కూసోదు సారూ."

ఇయ్యాల పొద్దున చెరువుల దిగిన. మూడుసార్లు పడ్డ, ముక్కులకు నీళ్ళు పోయినయ్. ఒడ్డు మీద నుంచి నీ తమ్ముడు ఒర్లుతనే ఉన్నడు, "కూసోవే, కూసో!" అని.

నాలుగోసారి లేసిన. తెడ్డు నీళ్ళల్ల గుచ్చి, ఆ ఒడ్డుకు ఇనబడేటట్టు చెప్పిన.

"మా బాపు బిడ్డ కూసోదు!"