మూడో పిలుపు

పాడింగ్టన్, లండన్
1957, నవంబరు మొదటి ఆదివారం

నా బంగారు ఉర్సులీన్ అక్కా,

ఈ ఉత్తరం ట్రంకుపెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. మంచం ఖాళీ లేదు. ఇంతకాలం నీకు చెప్పని సంగతి ఇదే. 'గది దొరికింది, బాగానే ఉంది' అని రాస్తూ వచ్చాను కదా, గది బాగానే ఉంది, కాకపోతే అందులో నాది సగం మంచమే. రాత్రిళ్ళు నేను పడుకుంటాను, పగలు ఇసిల్డమ్మ పడుకుంటుంది. ఆవిడది జమైకా. ఆసుపత్రిలో రాత్రి పని, నేలలు తుడుస్తుంది. నాది బస్సు డిపో క్యాంటీన్లో గిన్నెలు తోమే పని. నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ లేచి టోపీ పెట్టుకుంటూ ఉంటుంది, ఆవిడ వచ్చేసరికి నేను బూట్లు తొడుక్కుంటూ ఉంటాను. ఆదివారాలు ఇద్దరం ఒకేసారి ఇంట్లో పడతాం. అప్పుడు ఒకరి కాళ్ళు ఒకరి మొహానికి తగిలేలా పడుకుని, మీ దీవి గొప్పా మా దీవి గొప్పా అని పోట్లాడుకుంటాం. "మీ బార్బడోస్‌లో గట్టిగా తుమ్మితే సముద్రంలో పడతారే!" అంటుంది. "మీ జమైకావాళ్ళు తుమ్మకుండానే పడతారు, ఆ నోటి బరువుకి" అంటాను.

మా ఆయన హారల్డ్ పోయాక నాకు ఎవరితోనూ ఉండబుద్ధి కాలేదని నీకు తెలుసు. ఈ ఊరు వచ్చింది కూడా అందుకే. నాదంటూ ఒక గది, లోపల గడియ వేసుకునే తలుపు, అంతే అడిగాను దేవుణ్ణి. పని అవగానే పేపరు కొట్టు అద్దంలో పెట్టిన అద్దెగదుల కార్డులు చదువుకుంటూ తిరుగుతున్నాను. 'నల్లవాళ్ళు రావద్దు' అని పైనే రాసినవాళ్ళను దీవిస్తాను, నా బస్సు ఛార్జీ మిగిల్చారని. మిగతావాళ్ళు తలుపు తీస్తారు, నవ్వడం మొదలుపెడతారు, నా మొహం చూడగానే ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. "అయ్యో, గది ఇప్పుడే అయిపోయిందమ్మా." ఇంకొంతమంది, "నాకేం లేదు తల్లీ, పక్కింటావిడే ఊరుకోదు" అంటారు. లండనంతా ఆ పక్కింటావిడకు భయపడే బతుకుతోంది అక్కా. ఆ మహాతల్లి ఎక్కడుంటుందో మాత్రం ఇంతవరకు కనుక్కోలేకపోయాను.

నిన్న ఒక ముసలావిడ మాత్రం లోపలికి రమ్మంది. మిసెస్ పోకాక్ అట. కర్ర పట్టుకుని నడుస్తుంది. మేడ మీద వెనక గది, చిన్నదే, కిటికీలోంచి బేరీపండ్ల చెట్టు కనబడుతుంది. "మీకు పాడే అలవాటుందా?" అని అడిగింది. చర్చిలో తప్ప లేదన్నాను. ఆలోచించి శనివారంలోగా చెబుతానని నా పేరూ అడ్రసూ రాసుకుంది. పేరు సరిగ్గా పలికింది కూడా. ఇసిల్డమ్మతో చెబితే, "ఆలోచిస్తానన్నదంటే లేదన్నట్టే, పిచ్చిదానా" అని అటు తిరిగి పడుకుంది. నేను మాత్రం ఆశ పెట్టుకున్నాను. కాళ్ళు అరిగిపోయాయక్కా. ఈ గదైనా వస్తే బాగుండు.

నీ చెల్లెలు,
ఓర్లీన్


పాడింగ్టన్
నవంబరు మూడో వారం

అక్కా,

నేను ఇంటికి వచ్చేస్తున్నాను. జనవరి ఓడకు టికెట్టు కొనేశాను. కారణం చెబితే నువ్వొక్కదానివే నన్ను తిట్టవు, అందుకే నీకే చెబుతున్నాను.

శనివారం నాకు మధ్యాహ్నం నుంచి సెలవు. నాలుగింటికే చీకటి పడింది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురింటి గోడ కూడా కనబడలేదు. ఇసిల్డమ్మ మంచం మీద, నేను పెట్టె మీద. ఆ వేళలో కింద వీధిలోంచి, "ఓర్లీన్!" అని ఆడగొంతు వినిపించింది. సన్నగా, వణుకుతూ. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను, మనిషి లేదు, తెల్లటి పొగ తప్ప. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరున్నారు చెప్పు? క్యాంటీన్లో నేను 'ఏయ్, నువ్వు'. నోరు తెరవబోయాను. ఇసిల్డమ్మ దుప్పట్లోంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"పలక్కు! డప్పీ పిలుపు అది, దయ్యానిది. మనిషైతే మూడోసారి పిలుస్తుంది."

అమ్మ చెప్పేది గుర్తుందా అక్కా? చీకట్లో మనిషి కనబడకుండా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దని, దయ్యాలకు రెండుసార్లకు మించి పిలవడం చేతకాదని? జమైకా అమ్మలూ అదే చెప్పారట. రెండోసారి పిలిచింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మూడో పిలుపు రాలేదు. "చూశావా?" అంది ఇసిల్డమ్మ, సిలువ గుర్తు వేసుకుంటూ. నేనూ వేసుకున్నాను.

తెల్లారాక కింద అంతస్తు మనిషి మెట్ల మీద కనబడి, "నిన్న ఎవరో తెల్లముసలమ్మ కర్ర పట్టుకుని నీకోసం వచ్చిందే, గంట పనిచెయ్యక వీధిలో నిలబడి పిలిచింది పాపం" అన్నాడు. టోపీ కూడా లేకుండా పరిగెత్తాను. మిసెస్ పోకాక్ తలుపు గొలుసు తియ్యలేదు. ఆ సందులోంచి నన్ను చూసి, "గది అయిపోయింది" అంది. అందరూ చెప్పిన మాటే. తలుపు మూసుకుంది. నేను నోరు విప్పే లోపలే.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇసిల్డమ్మ పెట్టె మీద నా పక్కనే కూర్చుని, "నా మూలంగానే, నా మూలంగానే" అని గొణుగుతూ ఉండిపోయింది. ఆవిడదేం తప్పు? నేనొక్కదాన్నే ఉన్నా పలికేదాన్ని కాదు. మనం పెరిగిన తీరు అది. ఈ ఊరికి మన మర్యాదలూ తెలియవు, మన భయాలూ తెలియవు. ఇక నాకు ఓపిక లేదు. బెండకాయలు వేసి మొక్కజొన్న ముద్ద చేసి ఉంచు. ఎవరితోనూ మాట్లాడకుండా తిని పడుకుంటాను.

ఓర్లీన్


లండన్ (అడ్రసు మారింది, వెనక చూడు)
డిసెంబరు రెండో వారం

అక్కా, నా తల్లీ,

ముద్ద చెయ్యకు. రావడం లేదు. ఏం జరిగిందో వరసగా చెబుతాను, కంగారు పడకు.

ఇసిల్డమ్మ నాకు తెలియకుండా, పని దిగీ దిగగానే ఆ తుడుపుల ఓవరాల్‌తోనే మిసెస్ పోకాక్ ఇంటికి వెళ్ళిందట. గొలుసు సందులోంచే గడగడా చెప్పేసిందట: "అమ్మా, మా పిల్ల పొగరుబోతు కాదు. నీ పిలుపు విని పలక్కుండా ఆపింది నేను. నువ్వు దయ్యానివనుకున్నాం. ఇంకొక్కసారి పిలిచి ఉంటే ఇద్దరం ఎదురొచ్చేవాళ్ళం." ముసలావిడ అంతా విని గొలుసు తీసిందట. తర్వాత, "ఆవిణ్ణి ఆదివారం టీకి పంపించు" అందట.

వెళ్ళాను. కప్పు నా చేతికిచ్చి, "గది అయిపోలేదు. అబద్ధమాడాను. కాళ్ళీడ్చుకుంటూ అంత దూరం వస్తే కిటికీలో దీపం ముందు మీ నీడ కనబడింది, అయినా పలకలేదని కోపం వచ్చింది" అంది. నేను వారం రోజులు నా రంగు మీద ఏడ్చాను అక్కా. ఆవిడకు రంగు కాదు, రోషం. నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగాను.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి అడిగింది: "సాయంత్రం కెటిల్ పెట్టే వేళకు మేడ మీంచి మా ఆల్బర్ట్ పిలుస్తాడు. ఆయన పోయి ఆరేళ్ళు. నేను మొదటి పిలుపుకే 'వస్తున్నా' అంటాను. అలా పలకడం ప్రమాదమా?"

ఆవిడ అడిగిన తీరు చూస్తే నువ్వూ ఇదే చెప్పేదానివి. "పరాయి గొంతులకే ఆ నియమం. సొంత మనిషికి మొదటి పిలుపుకే పలకొచ్చు" అన్నాను. అమ్మ అలా ఎప్పుడూ చెప్పలేదు. నేనే కల్పించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది.

గదిలో చేరాను. గడియ వేసుకున్నాను. అడిగిందంతా దేవుడు ఇచ్చాడు. దీపం ఆర్పి మంచం ఎక్కేసరికి కెవ్వుమన్నంత పనైంది. దుప్పటి మంచుగడ్డలా ఉంది. పదకొండు నెలల్లో నేను ఒక్క రాత్రి కూడా చల్లటి మంచం ఎక్కలేదని అప్పుడు తెలిసింది అక్కా. ఎప్పుడూ ఇసిల్డమ్మ లేచి వెళ్ళిన చోటే పడుకున్నాను. హారల్డ్ పోయిన రోజు ఏడవనంత ఏడుపు ఆ రాత్రి వచ్చింది. ఎందుకు దాచాలి, నాకు ఒంటరిగా ఉండటం చేతకాదు.

పొద్దున్నే పనికి వెళ్ళే ముందు పాత గదికి వెళ్ళాను. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, కోటు కూడా విప్పకుండా నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా మంచమంతా ఖాళీ.

"పడుకోలేదేం?" అన్నాను.

"నీకెందుకు, ఇల్లుగలదానివి!" అంది మొహం తిప్పుకుని.

"సామాను సర్దు. మిసెస్ పోకాక్‌ను అడిగాను. మంచం ఒక్కటే ఉంది, ఎలాగమ్మా అంది. మాకు రెండెందుకన్నాను."

"నీ దయ నాకక్కర్లేదే, చిన్న దీవిదానా."

"దయ కాదమ్మా, చలి" అన్నాను.

ఆవిడ లేచి, నన్ను తిడుతూనే, గోడకు తగిలించిన తన బట్టలు తీయడం మొదలుపెట్టింది.

నీ చెల్లెలు,
ఓర్లీన్ గ్రీనిడ్జ్