గీజరు అంటుకోకపోతే

ఎరిబెర్తో,

బంతాట ఆడి బురదలో మునిగొస్తావని రాసిపెడుతున్నాను. వేణ్ణీళ్ల ట్యాపు తిప్పినా గీజరు అంటుకోకపోతే ముందు గ్యాస్ బండ చూడు. మొన్ననే మార్పించాను, నిండుగానే ఉంది. ట్యాపు సగం తిప్పితే మంట రాదు, పూర్తిగా తిప్పు. గ్యాస్ వాసన వస్తే కిటికీ తెరువు. అగ్గిపుల్ల మాత్రం గీయకు. నువ్వు వణకాలని ఉంది గాని కాలిపోవాలని లేదు.

అయినా టిక్ టిక్ మని చప్పుడు రాలేదా? గీజరు కింద బ్యాటరీల డబ్బా తెరిచి చూడు. ఖాళీగా ఉంటుంది. నిన్న నేను తలంతా షాంపూ నురగతో నిలబడి అరిచినప్పుడూ అలాగే ఉంది. తలుపవతల నుంచి ఏమన్నావు? "రేడియోకి పెట్టుకున్నానే, ఆట మంచి పట్టు మీదుంది! చన్నీళ్లు ఒంటికి మంచివేలే, నొల్వియా!" అన్నావు. పైగా నవ్వావు. ఈ జూలై నడి చలికాలంలో, బయట వాల్దీవియా ఊరంతా వానకి నానిపోతుంటే!

నేను మా అక్క ఇల్డా ఇంటికి వెళ్తున్నాను. ఆదివారం కదా, మన వీధిలో కొట్లు తెరవరు. చన్నీళ్లు మాత్రం ధారగా వస్తున్నాయి. ఒంటికి మంచివట, కానియ్యి. నూనెలో వేయించిన గుమ్మడి సోపైపియాలు మూత కింద పెట్టాను, తిను.

నొల్వియా

తా.క. బ్యాటరీలు నేనేం దాచలేదు. నువ్వు పెట్టిన చోటే, రేడియోలోనే ఉన్నాయి. రేడియో నా సంచిలో ఉంది. సాయంత్రం మీ జట్టు ఆడుతోందట కదా. అక్క వాళ్లింట్లో వేణ్ణీళ్లు పోసుకుంటూ వింటాను.