పది హోటళ్ళ సంగతి

స్వరాజ్ ద్వీప్, అండమాన్
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

మార్కాపురంలో పలకల గోడౌను యజమాని, సంఘ పెద్ద, నా ఒక్కగానొక్క అన్నయ్య రాజరత్నం గారికి, చెల్లెలు రోశమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. నేను ఇక్కడ బతికే ఉన్నాను. నువ్వు, వదిన, వినయ్ కుమార్, వాడి భార్య అక్కడ బాగున్నారని నమ్ముతున్నాను. నా ఇడ్లీ పొయ్యి మీద కప్పిన రేకు గాలికి లేవకుండా రెండు రాళ్ళు పెట్టమని వదినకు చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడగొద్దు. ఫోన్‌లో చెప్పిన మాట మారుతుంది, కాగితం మీద పెట్టిన మాట మారదని నువ్వే అన్నావు. ముప్పై ఏళ్ళుగా సంఘం మినిట్స్ పుస్తకం రాస్తున్నవాడివి, నీకు కాగితం మీదున్న నమ్మకం మనుషుల మీద ఉండదు. అందుకే ఈ నాలుగు ఠావులు.

బయలుదేరే ముందు నన్ను వాకిట్లో నిలబెట్టి నువ్వన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “పో, నీ కూతుర్ని చూడు, మాట్లాడు, పది రోజులుండు. కానీ ఆ ఇంట్లో ముద్ద ముట్టినావంటే నాకు చెల్లెలు లేదనుకుంటా. నా గోడౌను ముందర నీ పొయ్యి కూడా ఉండదు.” మా ఆయన పోయినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, నా బతుకు ఆ పొయ్యే. అది ఉన్నది నీ జాగాలో. కాబట్టి తలూపి రైలెక్కాను.

నీ కోపం దేనికో నాకు తెలుసు. కృప నీ కొడుకును చేసుకోనని చెప్పింది. మేనరికం తప్పింది. పోయి పోయి పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊరి మల్లేష్‌ను చేసుకుంది. వాడు మన సంఘం వాడు కాదు. నిజమే. ఇదంతా జరిగి మూడేళ్ళు. వినయ్‌కు గిద్దలూరు పిల్లతో పెళ్ళై ఏడాది దాటింది, వాళ్ళిద్దరూ సినిమాలకు తిరుగుతున్నారు. మొగుడు కావలసినవాడు ఎప్పుడో మరిచిపోయాడు. మామ కావలసినవాడే ఇంకా మరవలేదు.

మరి పది రోజులు ఏం తింటుందని వదిన అడిగితే, నువ్వు వినయ్ చేత ఫోన్‌లో వెతికించి, దీవిలో తప్పక తినవలసిన పది చోట్లంటూ ఒక కాగితం తీయించావు. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టి నా సంచిలో పెట్టించావు. ఎవరు చూసినా చెల్లెలికి ఎంత ప్రేమగా ఏర్పాటు చేశాడో అనుకుంటారు. ఇక ఆ పదింటి సంగతి విను.

ఒకటో నంబరు నుంచి మొదటి రోజు మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. కొబ్బరిపాలలో చేప అట. చేపకు శుభ్రంగా నీళ్ళు పోసి, పాలలో పడుకోబెట్టి, దుప్పటి కప్పినట్టుంది. కారం లేదు, పులుపు లేదు. రెండు ముద్దలు తిని పక్కన పెట్టాను. దానికి నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చారు. ఇచ్చినవాళ్ళకు చిన్నప్పుడు ఎవరూ అన్నం పెట్టలేదేమో.

రెండో నంబరులో మెనూ మన గుడి పాటల పుస్తకమంత లావుంది. నేను వేలు పెట్టిన ప్రతిదానికీ ఆ సర్వరు లేదు అన్నాడు. ఉన్నదేమిటని అడిగితే ఫ్రైడ్ రైస్ అన్నాడు. మార్కాపురం బస్టాండు ఎదుట తోపుడు బండి అంకన్న కూడా ఫ్రైడ్ రైసే అమ్ముతాడు, వాడికి పుస్తకం లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మూడో నంబరులో కుర్చీలుండవు. ఇసుకలో పరుపులు వేసి దిండ్లు పెట్టారు. తినడానికి వచ్చినవాళ్ళు రోగుల్లా ఒరిగి పడుకుని తింటున్నారు. నాకు తెల్లగా ఏదో తెచ్చిపెట్టారు. పేరు ఇంగ్లీషులో చెప్పారు గానీ వస్తువు సేమ్యా. ఉడికించి, ఉప్పు మరిచి, పైన గంజి పోశారు. ఉప్పు అడిగితే ఇంత పొడుగు కర్ర డబ్బా తెచ్చి మెలితిప్పి నాలుగు పలుకులు రాల్చి, చాలా అని అడిగారు. మా ఇంట్లో ఉప్పు చేత్తో వేస్తాం బాబూ అన్నాను. వాడికి తెలుగు రాదు కాబట్టి నవ్వాడు.

నాలుగో నంబరు బోర్డు మీద తెలుగులో ఆంధ్రా భోజనం అని ఉంటే ప్రాణం లేచి వచ్చింది. లోపలికి పోయాక తెలిసింది, ఆంధ్రా బోర్డు మీదే ఉందని. పప్పులో చక్కెర వేశారు అన్నా. కందిపప్పులో చక్కెర. గోంగూర అడిగితే సీసా మూత తీశారు. వండిన మనిషిని చూడాలని వంటింట్లోకి తొంగి చూశాను. ఒరిస్సా మనిషి, పాపం మంచివాడు, వాళ్ళ ఊళ్ళో అట్లాగే వండుతారట. అతని తప్పు లేదు. బోర్డు రాయించినవాడిని మాత్రం మన వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళ మధ్య అరగంట నిలబెట్టాలి.

ఐదో నంబరులో చేపను మనమే ఎంచుకోవాలి. ఐసు గడ్డల మీద వరసగా పడుకోబెట్టి, పెళ్ళిచూపులకు పిలిచినట్టు పిలుస్తారు. నేను మొప్ప ఎత్తి చూశాను. పాలిపోయి ఉంది. కన్ను లోపలికి పోయింది. చుట్టూ సముద్రం పెట్టుకుని వారం నాటి చేప. మనకు సముద్రం నూరు కిలోమీటర్లు, అయినా ఒంగోలు నుంచి బస్సు మీద వచ్చే చేప ఇంతకంటే కళగా ఉంటుంది. కంభం చెరువు చేప ముందు దీన్ని చేప అనడానికే నోరు రాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఆరో నంబరు మూసి ఉంది. పదింటిలో నన్ను బాధపెట్టనిది అదొక్కటే.

ఏడో నంబరులో నేనే ఫూల్‌నయ్యాను, అది కూడా రాస్తాను. ఎదురు బల్ల దగ్గర ఆరుగురు పడుచువాళ్ళు. పళ్ళేలు వచ్చాయి. ఆరుగురూ ఒక్కసారిగా పళ్ళేల మీదికి తలలు వంచి కదలకుండా ఉండిపోయారు. ఇంత దూరదేశంలో కూడా భోజనానికి ముందు ప్రార్థన చేసే బిడ్డలున్నారే అని నా మనసు నిండిపోయింది. నేనూ కొంగు కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి వాళ్ళు ఇంకా వంగే ఉన్నారు. ఫొటోలు తీసుకుంటున్నారు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. కూర చల్లారి నూనె గడ్డకట్టాక తిన్నారు, సగం వదిలేశారు. నక్షత్రాలు ఇచ్చేది ఈ రకం మనుషులు. వీళ్ళ మాట నమ్మి నువ్వు టిక్కులు పెట్టావు.

ఎనిమిదిలో పెద్ద రొయ్య తిన్నాను. పట్టకారుతో పగలగొట్టి, పుల్లతో గీరి, చెమటలు కక్కి బయటికి లాగితే వచ్చింది బొటనవేలంత. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో నాకు అరవయ్యో ఏట అర్థమైంది. తొమ్మిది, పది గురించి రాస్తే కాగితం దండగ.

ఈ తిరుగుళ్ళన్నిటికీ నన్ను బండి మీద తిప్పింది మల్లేష్. టూరిస్టు బోటు నడుపుతాడు, పని అయ్యాక ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి రోజుకొక చోటికి తీసుకుపోయాడు. లోపలికి రమ్మంటే రాడు. బయట బండి మీదే కూర్చుంటాడు. నేను తిట్టుకుంటూ బయటికి వస్తే, “ఇది కూడా పాయనా అత్తా” అంటాడు. అంతకు మించి మాట్లాడడు. నువ్వు వాడి గురించి చెప్పిన మాటలు తలచుకుని రోజూ వెతికాను, వాడిలో ఒక్కటీ దొరకలేదు. దొరికితే నీకు తప్పక రాసేదాన్ని, ఎందుకంటే తప్పులు వెతకడం నాకూ బాగానే వచ్చునని పైన చూశావు.

కృప ఇక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సు. చిక్కింది. దాని సంగతి నువ్వు అడగవు, నేనూ రాయను. నీ కాగితం ప్రకారం పది చోట్లూ తిరిగాను, ఒక్కటీ మనిషి తినేది కాదని తేల్చాను. వినయ్‌కు, కోడలికి నా దీవెనలు. వదినను మోకాలికి నూనె రాసుకోమను.

ఇట్లు,
నీ చెల్లెలు
రోశమ్మ

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించబోయి ఆగాను. ఒకటో నంబరు గురించి సగమే రాశాను. మిగతా సగం దాచిపెడితే నేనూ నీలాగే మినిట్స్ రాసినట్టవుతుంది.

ఆ పార్సిల్ తెచ్చింది కృప. బోటు దిగగానే నన్ను ఇంటికి తీసుకుపోయి, చేతులు కడిగించి, అరిటాకు వేసి అందులో పెట్టింది. పెట్టి పక్కన కూర్చోలేదు, గడపకు ఆనుకుని నిలబడింది. మూడేళ్ళకు వచ్చిన తల్లికి హోటలు కూడు పెట్టడానికి సిగ్గు లేదా అని కసిరాను. అప్పుడు చెప్పింది.

“మామ ఫోన్ చేసినాడమ్మా. నీకు మా ఇంటి ముద్ద పెడితే నీ పొయ్యి తీపిస్తానన్నాడు. ఇది బయట కొన్నదేలే. మా పళ్ళెం కూడా కాదు, ఆకే. తిను.”

నాకు చెప్పింది నీకు చాలలేదన్నమాట. మూడేళ్ళుగా ఆ పిల్ల ఫోన్ ఎత్తనివాడివి, నీ అంతట నువ్వు దానికి చేసిన ఫోన్ ఇదొక్కటే. నెలకోసారి గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని వరసగా అందరికీ పంచే చెయ్యి నీది అన్నా. అదే చేత్తో ఫోన్ పట్టుకుని, తల్లికి అన్నం పెట్టొద్దని బిడ్డకు చెప్పావు. నాకు కోపం రాలేదు. నీ మీద అసహ్యం వేసింది. ఆ ముక్క రాయడానికి పది రోజులు పట్టింది.

రెండు ముద్దలు తిన్నది అప్పుడే. మూడోది ఆకులోనే వదిలేశాను. లేచి వంటింట్లోకి పోయాను. వాళ్ళిద్దరి కోసం వండుకున్న అన్నం ఉంది, గిన్నెలో ఎండుమిరపకాయలు నూరిన గొడ్డుకారం ఉంది. నేనే పళ్ళెం తీసుకుని పెట్టుకున్నాను. కృప వచ్చి పళ్ళెం లాక్కోబోయింది. “వద్దమ్మా, నీ పొయ్యి పోతాది” అని ఏడ్చింది. పోనీ అన్నాను.

ఆ రోజు నుంచి మూడు పూటలా అక్కడే తింటున్నాను. మిగతా హోటళ్ళకు కడుపు నిండాకే పోయాను, కాగితం పట్టుకుని నువ్వు అడుగుతావని.

అన్నం పలుకుగా ఉంది. కారంలో ఉప్పు ఎక్కువైంది. నా కడుపున పుట్టి దానికి వంట ఎందుకు రాలేదో తెలియదు. రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

నువ్వన్న పది రోజులు అయిపోయాయి, వీళ్ళిద్దరికీ సెలవు దొరికేదాకా ఆగి, ఈ నెల ఇరవై ఆరు మధ్యాహ్నానికి ముగ్గురం మార్కాపురంలో దిగుతాం. పొయ్యి తీయించదలిస్తే ఆలోపే తీయించు. ముందు నీ ఇంటికే వస్తాం. ఆకలితో వస్తాం.